హ్యాండిళ్ళు బిగించే ముందు ఇది చదువు, తల్లీ

మల్కాపురం,
విశాఖపట్నం.

చిట్టితల్లికి పెదనాన్న దీవించి రాయునది.

సాగర్ నగర్ ఫ్లాట్‌లో వంటింటి పని హ్యాండిళ్ళ దగ్గర ఆగిపోయిందనీ, కార్పెంటర్ ఇంకోచోట పని ఒప్పుకుని ఫోన్ ఎత్తడం లేదనీ మీ నాన్న చెప్పాడు. జిగ్ (కన్నాలు అన్నిటికీ ఒకే చోట పడేలా డ్రిల్ బిట్టుకి దారి చూపే అచ్చు) కొనుక్కుని నువ్వే బిగిస్తానన్నావట. బిగించు, అదేం బ్రహ్మవిద్య కాదు. కాకపోతే గోడకి కన్నం తప్పితే పుట్టీ పెట్టి రంగేస్తాం, షట్టర్ మీద, అంటే అల్మారా తలుపు మీద, అంటించిన లామినేట్‌కి తప్పితే ఆ షట్టర్ మార్చుకోవాల్సిందే. జిగ్ ఉంది కదా అని ధీమాగా ఉండకు. దానికి బుర్ర లేదు. నువ్వు ఎక్కడ సెట్ చేస్తే అక్కడే వంటింటి మొత్తానికీ కన్నాలు వేసిపెడుతుంది, ఒప్పయినా తప్పయినా. షిప్‌యార్డులో జిగ్ బిగించడానికి పట్టే టైమ్ చూసి కొత్త కుర్రాళ్ళు విసుక్కునేవారు. డ్రిల్లింగ్ ఎంతసేపు, నిమిషంలో అయిపోతుంది. బిగించి, కొలిచి, పనికిరాని ముక్క మీద ఒకసారి వేసి చూడడమే అసలు పని.

ముందు హ్యాండిల్ కొలువు. షాపులో నాలుగంగుళాలు, ఆరంగుళాలు అని అమ్ముతారు గానీ, ఆ లెక్క జిగ్‌కి పనికిరాదు. స్క్రూ కన్నం నడిమి నుంచి రెండో కన్నం నడిమికి ఎంత దూరమో అదే కావాలి. అది సాధారణంగా 96, 128, 160, 192 మిల్లీమీటర్లలో ఏదో ఒకటి ఉంటుంది. అన్నీ 32 గుణిజాలే. నడిమి భాగం కంటితో పట్టుకోవడం కష్టం కాబట్టి మొదటి కన్నం ఎడమ అంచు నుంచి రెండో కన్నం ఎడమ అంచుకి కొలిస్తే అదే దూరం వస్తుంది. 4 అంగుళాలంటే 101.6 మిల్లీమీటర్లు. 96 హ్యాండిల్‌కి ఆ లెక్కన కన్నాలు వేస్తే స్క్రూ ఎక్కదు.

ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి మాట. కింది షట్టర్లకి పై మూలన, పై షట్టర్లకి కింది మూలన, రెండిటికీ కబ్జా (తలుపు తిరిగే మడతబందు) లేని వైపు. హ్యాండిల్ నిలువుగా పెడితే పక్క అంచు నుంచి అంగుళంన్నర, మూల దగ్గరి కన్నం పై అంచు నుంచో కింది అంచు నుంచో రెండున్నర, మూడంగుళాలు. హైడ్రాలిక్‌తో పైకి లేచే షట్టర్ ఉంటే కింది అంచు దగ్గర సరిగ్గా మధ్యలో. సొరుగులకి అడ్డంగా, మధ్యలో. మూడడుగుల వెడల్పు సొరుగుకి ఒక్క చిన్న నాబ్ పెడితే చేయి మధ్యలో పడనప్పుడల్లా వంకరగా లాగుతుంది, కాబట్టి పొడవు హ్యాండిల్ గానీ రెండు నాబ్‌లు గానీ పెట్టు. గిన్నెల లోతు సొరుగుకి నిలువులో మధ్య కాకుండా కాస్త పైకి పెట్టించడం నాకిష్టం, వంగే బాధ తగ్గుతుంది. ఫొటోల్లో అన్నీ నట్టనడుమే కనిపిస్తాయి. ఆ ఫొటో తీసినవాడు ఆ వంటింట్లో పప్పు వండడు కదా. కన్నం వేయకముందే హ్యాండిళ్ళు మాస్కింగ్ టేపుతో అంటించి ఒక పూట వంట చేసి చూడు. ఫ్రిజ్ తలుపుకి తగులుతుందా, చీర కొంగు పట్టుకుంటుందా అన్నవి అప్పుడే తెలుస్తాయి.

ఇక అందరూ బోల్తాపడే చోటుకి వద్దాం, కుడి ఎడమలు. జిగ్‌ని కుడి షట్టర్‌కి సెట్ చేసి, ఎడమదానికి తిప్పి పెట్టడం మరిచిపోతే కన్నాలు కబ్జా వైపు పడతాయి. అందుకే షట్టర్లన్నీ మూసి ఉన్నప్పుడే, ఒక్క డ్రిల్లూ చేతబట్టకముందు, ప్రతి షట్టర్‌కీ హ్యాండిల్ వచ్చే మూలన టేపు ముక్క అంటించి బాణం గుర్తు వెయ్యి. తర్వాత ఏ షట్టర్ తెరిచినా టేపు ఉన్న మూలకే జిగ్ ఆనాలి. ముందు పై షట్టర్లన్నీ, తర్వాత కిందివన్నీ, చివరికి సొరుగులు ముగించు. మధ్యలో సెట్టింగ్ మార్చకు. మారిస్తే మళ్ళీ అట్టముక్క మీదో పాత ప్లై ముక్క మీదో వేసి, హ్యాండిల్ నిజంగా బిగించి చూసుకో.

జిగ్‌ని కూడా ఓసారి పరీక్షించు. బిట్టు దూరే కన్నాల్లో ఉక్కు బుష్‌లు, అంటే గొట్టాల్లాంటి తొడుగులు, ఉన్నాయా, బిట్టు అందులో వదులుగా ఆడుతోందా చూడు. బుష్ పొడవుగా, బిగువుగా ఉంటేనే బిట్టు నిటారుగా దిగుతుంది. వట్టి ప్లాస్టిక్ కన్నాలైతే నాలుగు రోజుల్లో అరిగిపోతాయి. పలచటి రేకు జిగ్ అయితే దాంతో గుర్తులు మాత్రమే పెట్టుకుని, సెంటర్ పంచ్‌తో చిన్న గుంట చేసుకుని, తర్వాత డ్రిల్ చెయ్యి.

హ్యాండిల్ స్క్రూలు సాధారణంగా 4 మిల్లీమీటర్లవే. బిట్టు 5 తీసుకో, నీ జిగ్ బుష్ 4.5 అయితే 4.5. ఆ అర, ఒక మిల్లీమీటర్ సందు ఉంటేనే రెండు స్క్రూలూ ఇబ్బంది లేకుండా ఎక్కుతాయి. మధ్యలో సూదిమొన ఉండే చెక్క బిట్టు దొరికితే మరీ మంచిది, జారదు. మీ ఇంట్లో ఉన్నది గోడల కోసం కొన్న మెషిన్, కాబట్టి సుత్తి గుర్తు మీద ఉందేమో చూసి, మామూలు డ్రిల్లింగ్‌కి మార్చుకో. హ్యామర్ మోడ్‌లో లామినేట్ చిట్లిపోతుంది. మెరిసే ముఖం వైపు నుంచే మొదలుపెట్టు, వెనక వైపు ఒక చెక్కముక్క ఆనించి క్లాంప్ చెయ్యి. బిట్టు బయటికొచ్చే చోట పెచ్చు లేవకుండా కాపాడేది ఆ ముక్కే. చేత్తో పట్టుకుంటే చాలదా అనుకోకు, బిట్టు దూసుకొచ్చేది ఆ చేతిలోకే. కళ్ళద్దాలు పెట్టుకో, మెషిన్ మీద బరువు వేసి తోయకు.

స్క్రూ పొడవు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ తిప్పలు పెడుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లై, రెండు వైపులా లామినేట్ కలిపి దాదాపు 20 అవుతుంది. హ్యాండిల్‌తో వచ్చే 25 స్క్రూ దానికి సరిపోతుంది. సొరుగులకి ముందు పలక వెనక పెట్టె పలక కూడా ఉంటుంది, రెండూ కలిసి 36 దాటొచ్చు. అక్కడికి 45 కొను. పొడవెక్కువైతే స్క్రూ హ్యాండిల్ లోపల అడుగుకి తగిలి ఆగిపోతుంది. నువ్వు బిగిసిందనుకుంటావు, హ్యాండిల్ మాత్రం కదులుతూనే ఉంటుంది. అప్పుడు ఒక వాషర్ వేస్తే సరి. చివరి బిగింపు మెషిన్‌తో వద్దు, చేతి స్క్రూడ్రైవర్‌తోనే.

సముద్రం పక్కన ఉన్నారు కాబట్టి ఇంకొక్కటి. ఉప్పుగాలికి క్రోమ్ పూత వేసిన జింక్ మిశ్రమం హ్యాండిళ్ళు చుక్కలు చుక్కలుగా పాడవుతాయి. షాపులో అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు చూడండి, స్టీలే అంటారు. జింక్‌కీ అయస్కాంతం అంటదు. 304 స్టెయిన్‌లెస్ అని బిల్లు మీద రాయించుకో. బాల్కనీ వైపు అల్మారాకి 316 దొరికితే అదే తీసుకో, అందులో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పుకి ఎక్కువ ఆగుతుంది. స్క్రూలూ స్టెయిన్‌లెస్‌వే కొను. సింక్ కింది షట్టర్ ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లై అయినా, కన్నం లోపల పూత లేని చెక్క బయటపడుతుంది. అక్కడ రంగులేని నెయిల్ పాలిష్ ఒక చుక్క పూసి, ఆరాక స్క్రూ ఎక్కించు.

ఈ ఆదివారం మీ నాన్న ఇటు వస్తే నా సి క్లాంపులు రెండు ఇచ్చి పంపుతాను. అవి అందాకే మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
పెదనాన్న