వ్లాదిమిర్, వొలొదిమిర్ ఒకే పేరా?

సందేహం: రష్యా అధ్యక్షుడు పుతిన్ పేరు వ్లాదిమిర్, ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ పేరు వొలొదిమిర్. రెండూ ఒకటేనా? ‘ప్రపంచాన్ని ఏలేవాడు’ అనే అర్థం సరైనదేనా? ‘వ్లాడిమిర్’ అని రాయవచ్చా?

సమాధానం: ఒకే పేరు. రష్యన్, ఉక్రెయినియన్, బల్గేరియన్ వంటి భాషలకు తల్లి అయిన మూల స్లావిక్ భాషలో దీని మొదటి భాగం ‘వొల్ద్’, అంటే ఏలడం. దక్షిణాన బల్గేరియా వైపు అచ్చూ లకారమూ చోటు మార్చుకుని అది ‘వ్లాద్’ అయింది. కీవ్ ప్రాంతపు తూర్పు స్లావులు లకారానికి రెండు వైపులా అచ్చు పలికి ‘వొలొద్’ అన్నారు. ఇలా వర్ణాలు చోటు మార్చుకోవడం (వర్ణవ్యత్యయం) మనకూ ఉంది. తమిళుల ‘మరం’ మన దగ్గర ‘మ్రాను’ అయింది, ఆ తర్వాత ‘మాను’గా మిగిలింది. లెనిన్‌గ్రాద్‌లోని ‘గ్రాద్’, నొవ్‌గొరొద్‌లోని ‘గొరొద్’ కూడా అలాంటి జంటే, రెండూ పట్టణమే.

మరి రష్యాకు దక్షిణాది రూపం ఎలా వచ్చింది? చర్చి గ్రంథాల భాషతో వచ్చింది, ఆ భాష దక్షిణ స్లావుల మాట మీద ఏర్పడింది. రాతకోతల్లో వ్లాదిమిర్ స్థిరపడినా, ఇంట్లో ముద్దుగా పిలిచేది మాత్రం ‘వొలోద్యా’ అనే. పాత వాడుక రూపం పిలుపులో ఇంకా బతికే ఉండటం నాకెంతో ఇష్టమైన విషయం.

ఇక అర్థం. ఇప్పటి రష్యన్‌లో ‘మిర్’ అంటే ప్రపంచం, శాంతి కూడా. అందుకే ‘ప్రపంచాన్ని ఏలేవాడు’ అన్న మాట పుట్టింది. కానీ పాత రాతల్లో రెండో భాగం ‘మేర్’కు దగ్గరగా ఉంటుంది. దానికి గొప్ప, ప్రసిద్ధ అని అర్థం. జర్మానిక్ (జర్మన్, ఇంగ్లీషు వంటి భాషల కుటుంబం) పేరు వాల్దెమార్‌లోని ‘మార్’ దీనికి చుట్టమే. కాబట్టి ‘ఏలికలో గొప్పవాడు’ అనడమే సబబు. ‘మిర్’ అన్నది తర్వాతి కాలంలో జనం చెప్పుకున్న వ్యుత్పత్తి.

ఈ పేరు నిలవడానికి కారణం కీవ్ రాజు వ్లాదిమిర్. 988లో క్రైస్తవం స్వీకరించినప్పుడు ఆయనకు వసీలీ అనే గ్రీకు మూలపు పేరు పెట్టారు. క్రైస్తవానికి ముందునాటి దేశీయ పేర్లు చాలావరకు మరుగున పడ్డాయి. ఈయనను మాత్రం చర్చి సాధువుగా గుర్తించడంతో సొంత పేరే సాధువుల జాబితాకెక్కింది. ఆయనను రెండు దేశాలూ తమవాడే అంటాయి. కీవ్‌లో 1853లోనూ, మాస్కోలో 2016లోనూ విగ్రహాలు పెట్టారు.

‘వ్లాడిమిర్’ వద్దు. ఆ ‘డ’ ఇంగ్లీషు పత్రికల మీదుగా వచ్చింది. స్లావిక్ భాషల్లో ఉన్నది నాలుక పళ్లకు తగిలి పలికే దంత్యమే, దానికి మన ‘ద’ చక్కగా సరిపోతుంది. రష్యన్ వ్యక్తి అయితే వ్లాదిమిర్, ఉక్రెయిన్ వ్యక్తి అయితే వొలొదిమిర్ అని రాయండి.