మాస్టారి నోట ఆ మాటే ఉండనివ్వు

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చదివించింది కథ కాదు, దాంతోపాటు పెట్టిన ఉత్తరంలో నీ చివరి నాలుగు లైన్లు. నువ్వు కథ మొదట రాసినప్పుడు, కొడుకు సిటీకి రమ్మంటే మాస్టారు ‘ఐ హ్యాడ్ రాదర్ స్టే హియర్’, అంటే ఇక్కడ ఉండడమే నాకిష్టం, అన్నారట. మీ లెక్చరర్ గారు చూసి, ‘హ్యాడ్’ తప్పు, ‘వుడ్’ ఉండాలి, అయినా ఈ రోజుల్లో ఎవరూ అలా మాట్లాడరు అన్నారట. నువ్వు భయపడి ‘ఐ ప్రిఫర్ టు స్టే’ అని మార్చేశావు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ముందు ఎలా ఉందో అలాగే పెట్టెయ్యి.

అది తప్పు కాదమ్మా. తప్పన్నవాళ్ళు ఇదివరకూ ఉన్నారు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువులో, ఇది ఈమధ్యే భాషలో జొరబడ్డ మోటు ప్రయోగమనీ, బదులుగా ‘విల్ రాదర్’ అనడం మేలనీ రాశాడు. అంత పెద్దాయనా పొరబడ్డాడు. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిల్లో 84వ కీర్తన తీసి చూడు. దుర్మార్గుల గుడారాల్లో కాపురం ఉండడం కంటే నా దేవుడి వాకిట కాపలా కాయడమే నాకిష్టం అనే చోట ‘ఐ హ్యాడ్ రాదర్’ అనే ఉంది. ఆ ‘హ్యాడ్’ జరిగిపోయిన సంగతి చెప్పదు. ‘రాదర్’ అంటే మొదట్లో ‘ఇంకా ముందుగా, ఇంకా త్వరగా’ అని అర్థం. రెండూ కలిసి, అడిగీ అడగకముందే మనసు ఎటు మొగ్గుతుందో చెబుతాయి.

ఇంకా వెనక్కి వెళ్తే 14వ శతాబ్దంలో ఇంగ్లీషు కవి చాసర్ ఉన్నాడు. ఆయన రాసిన ఆక్స్‌ఫర్డ్ విద్యార్థికి ఖరీదైన బట్టలకన్నా, ఫిడేలుకన్నా, తలగడ దగ్గర నల్ల అట్టవో ఎర్ర అట్టవో ఇరవై పుస్తకాలుంటే చాలు. అది చెప్పడానికి చాసర్ వాడిన మాట ‘హిమ్ వజ్ లెవర్’. అంటే ‘అతనికి ఎక్కువ ప్రియం’. చూశావా, ‘అతను’ కాదు, ‘అతనికి’! మనం ‘నాకిష్టం’ అన్నట్టే ఇంగ్లీషువాడూ ఒకప్పుడు అన్నాడు. ఆ ‘లెవర్’కి మూలమైన ‘లీఫ్’ అనే పాతమాట, ‘లవ్’ అనే మాట ఒక వేరు నుంచి వచ్చినవే. ఇది మొదటిసారి తెలిసిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మీ మాస్టారు గుంటూరు మిషన్ స్కూల్లో చదువుకున్నారని నువ్వే రాశావు. ఆ ఊళ్ళో లూథరన్ మిషన్ 1842 నుంచీ ఉంది. అక్కడ చదివిన కుర్రాడికి ఇంగ్లీషు మొదట ప్రార్థనలోనే కదా వినపడేది. ఎనభై ఏళ్ళు వచ్చాక, కొడుకు ఎదురుగా నిలబడి బట్టలు సర్దుకో నాన్నా అంటుంటే, చిన్నప్పటి ఆ మాట కాక ఆయన నోట ఇంకేం వస్తుంది? ‘ప్రిఫర్’ అనేది అప్లికేషన్ ఫారంలో మాట. కిటికీ సీటా, మధ్య సీటా అని అడిగితే చెప్పే జవాబు. ఇప్పుడు వస్తున్న కథల్లో నాకు కోపం తెప్పించేది ఇదే. డ్రైవరూ, డాక్టరూ, తొంభై ఏళ్ళ ముసలమ్మా అందరూ ఒకే ఇంగ్లీషు మాట్లాడతారు.

కానీ ఆ మాట మళ్ళీ పెట్టినంత మాత్రాన నీ సీను నిలబడదు. ఇష్టం గురించి రాసేటప్పుడు నేను ముందు తక్కెడలో రెండో తట్ట చూస్తాను. ఏది కావాలన్నది ఒక తట్ట. దేనికంటే అన్నది రెండోది. ఆ కీర్తనలో గుడారాల కంటే వాకిటి కాపలా. షేక్స్‌పియర్ ‘మచ్ అడో అబౌట్ నథింగ్’ నాటకంలో బియాట్రిస్, మగవాడు ప్రేమిస్తున్నానని ఒట్టేస్తే వినడం కంటే మా కుక్క కాకిని చూసి మొరుగుతుంటే వింటాను అంటుంది. అక్కడా ‘ఐ హ్యాడ్ రాదర్’ అనే ఉంది. కుక్కనీ కాకినీ తీసేస్తే ఆ పిల్ల మనకి గుర్తుంటుందా?

మా నాయనమ్మకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆస్తి పంపకాల్లో గొడవలయ్యాక మరిది మనిషిని పంపించాడు, వచ్చి తన మేడలో ఉండమని. ఆవిడ అరుగు మీద చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. ‘వాడి మేడలో పరమాన్నం కంటే నా పాకలో గంజినీళ్ళు నయమని చెప్పు’ అంది. వేళ్ళ మధ్య ఉన్న రాయిని వాకిట్లోకి విసిరి మళ్ళీ చేటలో చెయ్యి పెట్టింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ రాయి పడ్డ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

నా రెండో కథలో ఆ మాట ఉన్నదున్నట్టు రాశాను. వారపత్రికలో అచ్చయి వచ్చింది. చూస్తే ‘నేను అక్కడ నివసించుటకు ఇష్టపడను’ అని ఉంది. బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళాను. ఎడిటర్ గది బయట బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. చివరికి ఆయన, పరమాన్నం, గంజి ఇవన్నీ పల్లెటూరి మాటలయ్యా, పాఠకులకి విషయం అందితే చాలు కదా అన్నాడు. ఏం విషయం అందింది? మా నాయనమ్మ అందలేదు. తర్వాత పదకొండేళ్ళు ఆ పత్రికకి ఒక్క కథ పంపలేదు. డబ్బుకి చాలా ఇబ్బందిగా ఉన్న రోజులవి. అయినా పంపలేదు. ఇవాళ రాస్తున్నా ఒళ్ళు మండుతోంది.

ఇప్పుడు నీ మాస్టారి దగ్గరికి రా. ఆయన ఇక్కడే ఉంటానన్నారు. దేనికంటే? నువ్వు చెప్పలేదు. కొడుకు ఫ్లాటు పదకొండో అంతస్తు అన్నావు గానీ ఆయన్ని ఒక్కసారైనా ఆ లిఫ్టు ఎక్కించావా? కోడలు మంచిదేనన్నావు. మంచి కోడలు ఉన్న ఇంటిని కాదనడం ఎంత కష్టం! ఆ కష్టం పేజీ మీద కనపడాలి. ఆయన వద్దంటున్నది చెడ్డదైతే ఆ మాటకి బరువేముంది? మూడో పేజీలో సిటీ గురించి రాసిన పేరా కొట్టెయ్యి. దాని బదులు పోయినసారి వెళ్ళినప్పుడు ఆయన గడిపిన ఒక్క మధ్యాహ్నం రాయి. పేజీ అడుగున ‘హ్యాడ్ రాదర్’ అంటే ఏమిటో చెబుతూ పెట్టిన ఫుట్‌నోట్ కూడా తీసెయ్యి. కొడుక్కి అర్థమైతే చదివేవాళ్ళకీ అర్థమవుతుంది.

కలం పేరు గురించి అడిగావు, అది ఇంకోసారి మాట్లాడుకుందాం.

కారు వెళ్ళిపోయాక మాస్టారు గేటు గొళ్ళెం వేసి, మళ్ళీ తీసి, తలుపు ఓరగా వదిలి లోపలికి వెళ్ళిన చోటు బాగుంది. ఆ రెండు వాక్యాలు ఎవరేమన్నా ముట్టుకోకు. ఆ మధ్యాహ్నం సీను రాశాక కథంతా నాకు మళ్ళీ పంపు. టైపు చెయ్యక్కర్లేదు, చేత్తో రాసినా చదువుకుంటాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న వయసువాడు