ముందు ఫైలు అట్ట

చిరంజీవి చిన్నీ,

పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ నాన్న చెప్పాడు. సంతోషం. నీ ప్రపోజల్ చదివాకే కాస్త కంగారు పుట్టింది. ప్రచ్ఛన్న యుద్ధ కాలమంతా భారత విదేశాంగ విధానం అంటే ఐదేళ్ల పని కాదమ్మా, మూడు జన్మల పని. సూయెజ్ కాలువ గొడవంటే ఇష్టమన్నావుగా, అక్కడే ఆగు. 1956 జులై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ ఆ కాలువను జాతీయం చేశాడు. ఆ రోజు నుంచి ఏడాది చివరిదాకా, ఆ ఐదు నెలలు చాలు నీకు.

ఒక్క దేశం కాగితాలు చూసి సంబరపడిపోకు. ఆ అక్టోబర్‌లో పారిస్ పక్కన సెవ్ర్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ వాళ్లు గుట్టుగా కూర్చుని, ఈజిప్టు మీదికి ఎవరు ఎప్పుడు దిగాలో రాసుకున్నారు. 24న సంతకాలయ్యాయి. తన అధికారులు సంతకం పెట్టొచ్చారని తెలిసి బ్రిటిష్ ప్రధాని ఈడెన్ హడలిపోయాడు. మిగతా ప్రతులు కూడా లేకుండా చేయించమని మర్నాడే మనుషుల్ని పారిస్‌కు తరిమాడు. అప్పటికే ఇజ్రాయెల్ వాళ్లు తమ ప్రతితో ఇంటిదారి పట్టారు. బ్రిటన్ ప్రతి లేదు, ఫ్రాన్స్‌ది కనబడలేదు. ఇవాళ మనం చదువుతున్నది ఆ ఇజ్రాయెల్ ప్రతినే. లండన్ ఫైళ్లనే నమ్ముకున్నవాడికి ఏం దొరికేది చెప్పు? పైగా ఆ ఒప్పందం ఉన్నది ఫ్రెంచిలో. హైదరాబాద్‌లో ఆలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, ఈ నెలే చేరు.

ఆగస్టులో సూయెజ్ మీద జరిగిన లండన్ సమావేశానికి మన తరఫున వెళ్లింది నెహ్రూ మంత్రి కృష్ణ మీనన్. కాబట్టి ముందు ఢిల్లీ, జనపథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్, తీన్‌మూర్తి భవన్‌లోని లైబ్రరీ చూడు. విమానం టికెట్ సంగతి తర్వాత.

లండన్‌లో ఆర్కైవ్స్ ఉండేది క్యూ అనే పేటలో (వరస కాదులే). లోపలికి పెన్ను రానివ్వరు, పెన్సిలే. ఫొటోలు తీసుకోవచ్చు. అక్కడే నేనొక వెధవ పని చేశాను. వారం రోజులు టకటకా రెండు వేల పేజీలు తీశాను, ఫైలు అట్ట మాత్రం తీయలేదు. ఇంటికొచ్చి చూస్తే ఏ పేజీ ఏ ఫైలుదో అంతుపట్టలేదు. ఫుట్‌నోట్‌లో ఏం రాయను? అప్పు చేసి మళ్లీ వెళ్లాను. అట్ట మీద ఎఫ్‌ఓ 371 (ఎఫ్‌ఓ అంటే ఫారిన్ ఆఫీస్, వాళ్ల విదేశాంగ శాఖ) అని మొదలయ్యే నంబరు ఉంటుంది, మొదటి ఫొటో దానిదే. టెలిగ్రామ్ కన్నా ముందు, దాని పక్కన అధికారులు చేత్తో గీకిన నాలుగు ముక్కలు చదువు. అసలు మాట అక్కడే జారుతుంది.

ఉద్యోగం గురించి ఇప్పట్నుంచే టెన్షన్ వద్దు. ఒక అధ్యాయాన్ని వ్యాసంగా ఏదైనా జర్నల్‌కి పంపు. తిరిగొస్తే దిద్ది మళ్లీ పంపు, నాది రెండుసార్లు తిరిగొచ్చింది.

ఆదివారం ఇంటికి రా. అత్తయ్య గారెలు చేస్తానంటోంది. నా పెన్సిళ్ల డబ్బా బీరువాలోనే పడి ఉంది, తీసుకెళ్దువుగాని.

మామయ్య