ఈఎంఐ కట్టగలిగితే కారు కొనేయొచ్చా?

ప్రశ్న: నాగోల్‌లో ఉంటాం. ఆఫీసు రాయదుర్గంలో. ఇన్నాళ్లూ మెట్రోలోనే వెళ్తున్నాను. తొమ్మిది లక్షల కారుకు ఆరు లక్షల లోను వస్తుంది. నెలకు పన్నెండున్నర వేలు కట్టగలను. కొనమంటారా?

జవాబు: ఆఫీసుకు వెళ్లిరావడానికే అయితే వద్దు. ఆరు లక్షలకు 9.5 శాతం వడ్డీ మీద అయిదేళ్ల ఈఎంఐ 12,601 రూపాయలు. అందులో వడ్డీయే మొత్తం 1.56 లక్షలు, అంటే నెలకు 2,600. చాలామంది లెక్కలో వేసుకోనిది తరుగు. తొమ్మిది లక్షలు పోసిన బండి అయిదేళ్లకు నాలుగున్నరకు అమ్ముడైతే నెలకు 7,500 పోయినట్టే. బీమాకు 1,500, సర్వీసింగుకు 700 కలపండి. మొత్తం 12,300. బండి గేటు దాటకపోయినా ఈ ఖర్చు తప్పదు.

ఇక రోజూ తీస్తే, రానూపోనూ 60 కిలోమీటర్లు, 24 రోజులు. ట్రాఫిక్‌లో లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చినా, లీటరు 107 చొప్పున పెట్రోలుకే 11,000. వెరసి నెలకు 23,300.

మెట్రోకు ఒకవైపు 70, రెండు చివర్లా ఆటోలకు రోజుకు 80 వేసుకున్నా నెలకు 5,280. పైగా మీది మొదటి నుంచి చివరి దాకా బ్లూ లైనే, అమీర్‌పేటలో దిగి మారే పని లేదు. మిగిలే 18,000లో వారాంతాల క్యాబ్‌లు సులువుగా సర్దుకుంటాయి.

ఇంట్లో నడవలేని పెద్దవాళ్లుండి తరచూ ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే మాట వేరు. అప్పుడైనా నాలుగైదేళ్లు వాడిన కారు చూడండి. తరుగులో పెద్ద భాగం మొదటి ఓనరు భరించేసి ఉంటాడు.

ప్రశ్న: మాకు కారు లేదు. సంక్రాంతికి ఊరెళ్లడానికి సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుంటే ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు నంబరు ప్లేటు. నలుపు మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేటు సొంత బండిని అద్దెకిస్తే, ప్రమాదం జరిగినప్పుడు బీమా క్లెయిము తిరస్కరించే అవకాశం ఉంది. తాళాలు తీసుకునే ముందే బండి చుట్టూ వీడియో తీయండి. బంపర్ల కింది అంచులు, చక్రాల మీది గీతలు, పెట్రోలు ముల్లు, కిలోమీటర్ల రీడింగు అందులో కనపడాలి. డిపాజిట్ దగ్గర గొడవలు ఎక్కువగా వచ్చేది వీటి మీదే.

టైరు పక్కగోడ మీద డీఓటీ అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. ఆరేళ్లు దాటిన టైరైతే దాని మీది గాడులు అరగకుండా బాగున్నా వేరే బండి అడగండి, రబ్బరు గట్టిపడి హైవే వేగంలో పగిలే ప్రమాదం ఉంది. డిక్కీలో స్టెప్నీ, జాకీ, వీల్ స్పానరు ఉన్నాయేమో చూడండి. విజయవాడ దారైతే పంతంగి టోల్ చేరకముందే ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయని రూఢి చేసుకోండి, లేకపోతే అదనంగా కట్టాల్సి వస్తుంది.