చిట్టీ పాడి ఐప్యాడ్ కొనాలా?

ప్రశ్న: హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. జీతం 22,000. కంప్యూటర్ మీద బొమ్మలు వేయడం నేర్చుకుని పెళ్లి కార్డులకు, పిల్లల పుస్తకాలకు పని చేయాలని ఉంది. ఐప్యాడ్, పెన్సిల్ కలిపి 52,000 అన్నారు. 18 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. లేదా 50,000 చిట్టీ ఉంది (నెలకు 2,000, 25 నెలలు, 11 కట్టాను). ఈ నెల పాడితే 40,000 చేతికొస్తుంది. ఇంట్లో 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పటికి రెండూ వద్దండీ.

ముందు చిట్టీ సంగతి. ఫోర్‌మన్ (చిట్టీ నడిపేవారు) కమీషన్ 5 శాతం అనుకుంటే (చట్టం 7 దాకా ఒప్పుకుంటుంది, మీ ఒప్పందం చూసుకోండి) చివరి నెల దాకా ఆగితే 47,500 వస్తుంది. ఇప్పుడు పాడితే 40,000. మిగిలిన వాయిదాలు ఎటూ కట్టాల్సిందే. 13 నెలలు ముందుగా డబ్బు అందుకోవడానికి 7,500 వదులుకుంటున్నారు. అంటే నూటికి నెలకు దాదాపు రూపాయిన్నర వడ్డీకి అప్పు తెచ్చినట్టే.

ఈఎంఐ పేరులో ‘నో కాస్ట్’ ఉన్నా ఖర్చు ఉంటుంది. బ్యాంకు వేసే వడ్డీని దుకాణం డిస్కౌంటుగా సర్దుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మీవే. రొక్కానికిచ్చే తగ్గింపు కూడా చాలాసార్లు పోతుంది. నెలకు సుమారు 2,900, దానికి చిట్టీ 2,000 కలిపితే జీతంలో ఐదో వంతుకు పైనే వాయిదాలకు వెళ్తుంది. ఇంకా ఒక్క రూపాయి రాని పనికి అంత బరువు ఎత్తుకోవడం నాకు నచ్చదు.

ఆ 52,000లో ఏ పెన్సిల్ ఉందో కూడా అడగండి. ఆపిల్ పెన్సిళ్లలో యూఎస్‌బీ-సీ రకం చవక, కానీ దానికి ఒత్తిడి తెలియదు. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా గీత ఒకే లావు. నోట్స్ రాసుకోవడానికి సరే, మీ పనికి కాదు.

మీ ల్యాప్‌టాప్‌కు నాలుగైదు వేలలో తెర లేని పెన్ ట్యాబ్లెట్ (దాని మీద పెన్నుతో గీస్తే ల్యాప్‌టాప్ తెర మీద గీత పడే పలక) కొనండి. గీసే జాగా 6×4 అంగుళాలు, బ్యాటరీ అక్కర్లేని పెన్ను ఉంటే చాలు. సాఫ్ట్‌వేర్‌గా క్రిటా వేసుకోండి, పూర్తిగా ఉచితం. పెయింటింగ్‌కే చేసింది కాబట్టి మీకు చేయి తిరుగుతుంది.

మొదటి వారం విసుగు పుట్టించేవి మూడు. గుండ్రం గీస్తే కోడిగుడ్డు వస్తుంది: ట్యాబ్లెట్ కొలత, తెర కొలత ఒకే నిష్పత్తిలో లేకపోవడం వల్ల. డ్రైవర్ (ట్యాబ్లెట్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే ప్రోగ్రామ్) సెట్టింగ్స్‌లో నిష్పత్తి సరిచేయండి. ఒత్తిడి పనిచేయకపోతే పాత డ్రైవర్లు తీసేసి, క్రిటా ట్యాబ్లెట్ సెట్టింగ్స్‌లో విండోస్ ఇంక్, విన్‌ట్యాబ్‌లలో (పెన్ను ఒత్తిడిని క్రిటాకు చేరవేసే రెండు పద్ధతులు) ఒకదాని నుంచి రెండోదానికి మార్చి, క్రిటా మూసి తెరవండి. మూడోది చేతిలో వణుకు. బ్రష్ టూల్ ఎంచుకున్నాక టూల్ ఆప్షన్లలో గీతను నిలకడగా చేసే స్టెబిలైజర్ ఉంటుంది. చేతిని చూడకుండా తెరను చూస్తూ గీయడం అలవాటు కావడానికి వారాలు పడుతుంది, అది పరికరం లోపం కాదు.

ఏ4, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480×3508 పిక్సెళ్లు. ఒక్కో లేయర్ (ఒకదానిపై ఒకటి పరిచే పారదర్శక పొర) నిండితే సుమారు 35 ఎంబీ తింటుంది. స్కెచ్, గీత, రంగు, నీడ అని పది లేయర్లలోపు సర్దుకుంటే 8 జీబీ సరిపోతుంది. నలభై పెట్టి ‘ల్యాప్‌టాప్ పాతదైపోయింది’ అనుకుని కొత్తది కొనేవాళ్లున్నారు.

ఫోటోషాప్ ఇప్పుడే వద్దు. నెలనెలా కట్టే వార్షిక ప్లాన్ నెలవారీ చందాలా కనిపిస్తుంది కానీ ఏడాది ఒప్పందం. 14 రోజులు దాటాక మానేస్తే మిగిలిన నెలల మొత్తంలో సగం కట్టాలి. ‘ఫ్రీ ట్రయల్’కి కార్డు ఇచ్చేముందు ఇది గుర్తుంచుకోండి.

ఈఎంఐకి కడదామనుకున్న 2,900ని పోస్టాఫీసులో కాకుండా బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్ వేయండి. పోస్టాఫీసుది ఐదేళ్ల గడువు. ఏడాదికి అసలే 34,800 అవుతుంది. మరుసటి నెలే చిట్టీ 47,500 వస్తుంది. మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచాక మిగిలింది చూడండి. ఆపాటికి కనీసం మూడు పనులకు డబ్బు తీసుకుని ఉంటే ఐప్యాడ్ రొక్కానికి కొనండి. లేకపోతే ఆ ట్యాబ్లెట్‌తోనే సాగించండి.

పెళ్లి కార్డుల విషయంలో ఒక మాట. బొమ్మ వరకే ధర చెప్పండి. అక్షరాలు డీటీపీ వాళ్లకు వదిలేయండి, వాళ్లు ఎక్కువగా ‘అను’ పేరున్న తెలుగు ఫాంట్లలో కూర్చుతారు. తెర మీద మెరిసే ఆకుపచ్చ, నీలం అచ్చులో చప్పబడతాయి. కాబట్టి మొదటి ప్రూఫ్ (సరిచూసుకునే నమూనా అచ్చు) ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకుని, సగం అడ్వాన్సు తీసుకున్నాకే పెన్ను పట్టండి.