తెల్లజుట్టుకి రంగు: ఇంట్లో ఏది, సెలూన్‌లో ఏది

చిరంజీవి సుజాతకి,

ఆశీస్సులు. నెరిసిన జుట్టుకి రంగు ఇంట్లో వేసుకోనా, సెలూన్‌కి వెళ్లనా అని అడిగావు. కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చిన తెలుపుని నీ సొంత రంగుతోనే కప్పుకోవాలంటే ఇంట్లో నిక్షేపంగా చేసుకోవచ్చు. ఉన్న రంగుని లేత చేయాలన్నా, వేసిన రంగు తీసేయాలన్నా, వెంట్రుకలు పాయలు పాయలుగా వేరే రంగు పెట్టించుకోవాలన్నా సెలూన్‌కే వెళ్లు. ఇంటి రంగుతో జుట్టు పాడైందని బాధపడేవాళ్లలో చాలామంది ఈ రెండో రకం పని ఇంట్లో చేయబోయినవాళ్లే. మిగతావాళ్లు ప్రతిసారీ కుదురు నుంచి కొస దాకా రంగు పులుముకున్నవాళ్లు. దాని సంగతి తర్వాత చెబుతాను.

అన్నిటికంటే ముందు ఎలర్జీ గురించి చెప్పాలి. సెలూన్‌లో వేయించుకుంటే పడుతుంది, ఇంట్లో అయితే పడదు అనుకోకు. రెండుచోట్లా ఉండేది దాదాపు ఒకే రకం మందు. తెలుపుని పూర్తిగా కప్పే శాశ్వత రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం గానీ, దానికి దగ్గరగా ఉండే టోల్యూన్ డయామిన్ గానీ ఉంటుంది. కొందరి ఒంటికి అది పడదు. ఏళ్ల తరబడి వేసుకుంటూ ఏమీ కానివాళ్లకి కూడా ఒకరోజు హఠాత్తుగా పడకపోవచ్చు. అందుకే ప్రతిసారీ, అదే కంపెనీ అదే నంబరు అయినా సరే, 48 గంటల ముందు ప్యాచ్ టెస్ట్ పెట్టుకో. చెవి వెనకో, మోచేతి మడతలోనో చిన్న బొట్టంత రాసి వదిలేయాలి. క్రీము ఒక్కటే రాయాలా, డెవలపర్ (రంగు క్రీములో కలిపే హైడ్రోజన్ పెరాక్సైడ్) కలిపి రాయాలా అన్నది పెట్టెలో కాగితం మీద ఎలా ఉంటే అలా చెయ్యి. దురద, ఎరుపు, వాపు, పొక్కు, వీటిలో ఏది కనబడినా ఆ రంగు వద్దు. గంటలో ఏమీ కాలేదని తుడిచేసి మొదలుపెట్టేవాళ్లున్నారు. ఈ ఎలర్జీ తాపీగా, ఒకటి రెండు రోజులకి బయటపడేది కాబట్టి గంట పరీక్ష పరీక్షే కాదు.

రంగు తలమీద ఉండగా మంట పెరుగుతుంటే టైము చూడకు, వెంటనే కడిగేసెయ్. ఆ తర్వాత కనురెప్పలు, మొహం వాచినా, మాడు రసి కారినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఊపిరి ఆడకపోతే అత్యవసర వైద్యమే. ఒకసారి పడలేదంటే కంపెనీ మార్చి మళ్లీ ప్రయత్నించడం ప్రమాదం. రెండోసారి మొదటిదానికన్నా గట్టిగా రావచ్చు.

'అమోనియా లేదు' అని పెట్టెమీద రాసుంటే ఎలర్జీ రాదని కాదు. అమోనియా పని వెంట్రుక పైపొరని విప్పడం. దాని బదులు ఇథనాలమిన్ లాంటిది వేస్తారు, ఘాటు తగ్గుతుంది. రంగునిచ్చే పీపీడీ అలాగే ఉండొచ్చు. నీళ్లలో కలుపుకునే నల్ల పొడులు, 'నల్ల గోరింట' అని అమ్మేవి కూడా అంతే. గోరింటాకు తనంతట తాను నలుపు ఇవ్వదు. నల్లగా పట్టిందంటే అందులో ఇంకేదో కలిసింది. ఆ పొడులు పొరపాటున కడుపులోకి పోతే ప్రాణం మీదికొస్తుంది, పిల్లలకి అందనిచోట తాళం వేసి పెట్టు.

ఇక రంగు ఎంచుకోవడం. ముందు పగటి వెలుగులో కిటికీ దగ్గర నిలబడి తెలుపు ఎంతుందో చూసుకో. సగానికి తక్కువైతే డెమీ పర్మనెంట్ చాలు. అది తెలుపుని పూర్తిగా దాచదు, చుట్టూ ఉన్న జుట్టులో కలిపేస్తుంది. పాతిక తలస్నానాల దాకా ఉండి నెమ్మదిగా వెలిసిపోతుంది కాబట్టి కుదుళ్ల దగ్గర గీత గీసినట్టు తేడా రాదు. మొదటిసారి వేసుకునేవాళ్లకి నేను దీన్నే చెబుతాను. సగం దాటితే మాత్రం పర్మనెంటే పట్టుకుంటుంది.

పెట్టెమీద అమ్మాయి ఫొటో చూసి కొనకు, నంబరు చూడు. 1 అంటే నలుపు, 2, 3 అంటే బాగా ముదురు గోధుమ, 4 మధ్యరకం, పైకి వెళ్లేకొద్దీ లేత. మనం నల్లజుట్టు అనుకునేది చాలామందిలో నిజానికి 2 గానీ 3 గానీ. 1 వేసుకుంటే విగ్గు పెట్టినట్టు ఉంటుంది, వయసు ఇంకా ఎక్కువ కనబడుతుంది. రెండు నంబర్ల మధ్య ఊగిసలాడితే లేతదే తీసుకో. లేతగా వస్తే మళ్లీ ముదురు చేసుకోవచ్చు. ముదురుగా వస్తే ఇంకో లేత రంగు దానిమీద వేసినా తేలదు. రంగుమీద రంగు వేసి లేత చేయడం కుదరదు, పాతది తీయాలంటే బ్లీచో రిమూవరో కావాలి. అది సెలూన్ పని.

చుక్క తర్వాత వచ్చే అంకె ఛాయని చెబుతుంది. తెలుపు కప్పడానికి సున్నా ఉన్నవి, లేదా 'ఎన్' అని రాసినవి, అంటే సహజ ఛాయలు కావాలి. రాగి, ఎరుపు ఛాయలు తెల్లవెంట్రుక మీద ఒంటరిగా వేస్తే భగ్గుమంటాయి, ఎందుకంటే అడుగున వాటిని అణిచే సహజ రంగు లేదు. ఎరుపు కావాలనుకుంటే అదే స్థాయి సహజ ఛాయతో సగం సగం కలపాలి.

పర్మనెంట్ రంగుకి డెవలపర్ 6 శాతం, అంటే సీసామీద 20 వాల్యూమ్ అని ఉండేది తీసుకో. తెలుపుకి సరిపోయేది అదే. 3 శాతంతో మొండి తెలుపు పట్టదు. 9, 12 శాతాలు జుట్టుకి ఉన్న రంగుని లేత చేయడానికి, నీ పనికి అక్కర్లేదు, మాడు మండడం తప్ప లాభం లేదు.

ఎంత కలపాలి? రెండు సెంటీమీటర్లు పెరిగిన కుదుళ్లకి 30 గ్రాముల క్రీము, దానికి 30 లేదా 45 మిల్లీలీటర్ల డెవలపర్. 1:1 కలపాలా, 1:1.5 కలపాలా అన్నది ట్యూబుమీద ఉంటుంది. ఇది కంటి అంచనాతో చేసే పని కాదు, చిన్న తక్కెడ మీద తూచు. డెవలపర్ ఎక్కువైతే పల్చబడి నుదుటి మీదికి కారుతుంది, తెలుపు కూడా సరిగ్గా కప్పదు. పెట్టెలో వచ్చే సీసాలోకి క్రీమంతా పిండేస్తే మొత్తం ఆ పూటే వాడాలి. దాని బదులు ప్లాస్టిక్ గిన్నెలో సగం సగం తీసి కలుపు, మిగతా సగం విడివిడిగా మూత బిగించి తర్వాతిసారికి దాచుకోవచ్చు. ఒకసారి కలిపింది మాత్రం దాచకూడదు. దాని బలం పోతుంది, పైగా గ్యాసు వస్తూ ఉంటుంది, మూత బిగిస్తే సీసా పగిలిపోవచ్చు. లోహపు గిన్నె, లోహపు చెంచా వాడకు.

జుట్టు ముందురోజు కడిగి, నూనె గానీ కండిషనర్ గానీ పెట్టకుండా, పూర్తిగా ఆరి ఉండాలి. అదే రోజు తలంటుకుంటే మాడు మీది సహజమైన జిడ్డు పోయి మంట ఎక్కువ పుడుతుంది. మాడుమీద పుండు, గీరుడు ఉంటే మానేదాకా ఆగు. పాత చొక్కా, గుండీలున్నది వేసుకో, తలమీంచి లాగక్కర్లేకుండా. నుదుటి అంచున, చెవుల మీద, మెడ వెనక పెట్రోలియం జెల్లీ రాయి. ఆ జెల్లీ వెంట్రుకలకి అంటితే అక్కడ రంగు పట్టదు. చాలామందికి ముందు అంచున తెల్లగా సన్నని గీత మిగిలిపోవడానికి కారణం ఇదే.

జుట్టుని నుదుటి నుంచి మెడదాకా ఒకసారి, చెవి నుంచి చెవికి ఒకసారి పాపిట తీసి నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టు. గ్లవ్స్ వేసుకో. అప్పుడే రంగు కలుపు, ముందు కాదు. తెలుపు ఎక్కడ మొండిగా ఉంటే అక్కడ మొదలుపెట్టాలి, అంటే చెంపలు, నుదుటి అంచు, నడిపాపిట. అక్కడి వెంట్రుక పైపొర బిగుసుకుని ఉంటుంది, దానికి టైము ఎక్కువ కావాలి. ఒక్కో పాపిటకీ అర సెంటీమీటరు దూరం, అంతకంటే మందంగా పాయ తీయకు. బ్రష్‌తో తెల్లభాగం మీద మాత్రమే, కింద వెంట్రుక కనబడనంత దట్టంగా పెట్టు. రుద్దకు. పల్చగా పూసి ఆదా చేస్తే తెలుపు పట్టదు. మొత్తం ఇరవై నిమిషాల్లో అయిపోవాలి. తల వెనక భాగం ఒంటరిగా చేసుకోవడం కష్టం, ఇంకో అద్దం పెట్టుకో, లేకపోతే ఇంట్లో ఎవరినైనా సాయం అడుగు.

పెట్టడం పూర్తయ్యాక గడియారం చూడు. కాగితం మీద రాసిన టైము మామూలుగా 30 నుంచి 45 నిమిషాల మధ్య ఉంటుంది. రంగు నల్లగా మారిందని ఇరవై నిమిషాలకే కడిగేయకు. నల్లబడింది పైన ఉన్న క్రీము మాత్రమే, వెంట్రుక లోపల రంగు ఇంకా తయారవుతూనే ఉంటుంది. తొందరపడి కడిగితే వారానికే చెంపల దగ్గర పసుపుగా వెలిసిపోతుంది. అలాగని గంటసేపు ఉంచినా అదనంగా పట్టేదేమీ లేదు, మాడుకి బాధ తప్ప. డ్రయ్యర్ వేడి, ప్లాస్టిక్ కవరు కాగితంలో చెబితే తప్ప వద్దు.

కొసలు వెలిసినట్టుంటే, చివరి ఐదు నిమిషాల్లో మిగిలిన రంగులో కొంచెం నీళ్లు కలిపి కిందకి దువ్వితే చాలు. ప్రతిసారీ కొసదాకా పూర్తి టైము పెడితే ఏమవుతుందంటే, పాత రంగుమీద కొత్తది పేరుకుని కొసలు మసిలా నల్లబడతాయి, పీచులా బిరుసెక్కుతాయి, పైన మాత్రం గోధుమ రంగు కనబడుతుంది. ఈ చారని సరిచేయడం సెలూన్‌వాళ్లకి కూడా ఒక్క పూటలో అయ్యేది కాదు.

కడిగే ముందు గుప్పెడు గోరువెచ్చని నీళ్లు చల్లి, అంచుల వెంట మునివేళ్లతో రెండు నిమిషాలు మర్దన చెయ్యి. చర్మం మీది మరకలు చాలావరకు అక్కడే వదులుతాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, పెట్టెలో వచ్చిన కండిషనర్ రాయి, అది విచ్చుకున్న పైపొరని మూస్తుంది. ఆపైన 48 గంటలు షాంపూ వద్దు.

మళ్లీ ఎప్పుడు? వెంట్రుక నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకి ఒకసారి చాలు, నాలుగు వారాల లోపు వద్దు. మధ్యలో ఎక్కడికైనా వెళ్లాల్సివస్తే పాపిట మీద కొట్టుకునే రూట్ స్ప్రే, పౌడర్ ఉంటాయి, తలస్నానంతో పోతాయి. కనుబొమలకి, రెప్పలకి తలరంగు ఎప్పుడూ పెట్టకు, కళ్లకి ప్రమాదం. మీ ఆయన గడ్డానికి అడిగితే దానికోసం అమ్మేదే కొను. చాలావాటికి ఐదు పది నిమిషాల్లోనే పని అయిపోతుంది, మొహం మీది చర్మం సున్నితం.

గోరింటాకు వాడుతున్నావేమో రాయలేదు. స్వచ్ఛమైన ఆకుపొడి తెల్లవెంట్రుకకి నారింజ రంగు ఇస్తుంది. దానిమీద నీలి ఆకు (ఇండిగో) పొడి పెడితే గోధుమ, నలుపు వస్తాయి. ఆరోగ్యానికి అది చాలామందికి సరిపడుతుంది, నాకూ ఇష్టమే. కానీ పొట్లంలో లోహ లవణాలు కలిసి ఉంటే, దానిమీద డెవలపర్ ఉన్న రంగు పడగానే వెంట్రుక వేడెక్కి తెగిపోవచ్చు. ఏ పొడి వాడావో తెలియకపోతే, మెడ దగ్గర లోపలివైపు చిన్న పాయ కత్తిరించి, కలిపిన రంగులో అరగంట ముంచి చూడు. వేడెక్కినా, బుడగలు వచ్చినా, లాగితే తెగినా తలకి పెట్టొద్దు. నీలి ఆకు పెట్టిన జుట్టుకి బ్లీచ్ చేయిస్తే ఆకుపచ్చ తేలుతుంది, సెలూన్‌లో ఈ విషయం దాచకుండా చెప్పు.

సెలూన్‌కి వెళ్లడంలో అసలు లాభం చేయి తిరిగినవాళ్ల కళ్లు, వాళ్ల కలపడం. ఒక్కో భాగానికి ఒక్కో పాళ్లు కలపగలరు. చెంపల దగ్గర మొండి తెలుపు ఉంటే ముందు డెవలపర్ ఒక్కటే పది నిమిషాలు పెట్టి మెత్తబరచి, తుడిచి, అప్పుడు రంగు వేస్తారు. పెట్టెలో రంగు అందరికీ ఒకటే. తెలుపు బాగా పెరిగి, ఇక ప్రతి నెలా కప్పే ఓపిక లేదనుకుంటే సన్నని లేత పాయలు వేయించుకుని తెలుపుని అందులో కలిపేసుకోవచ్చు. అప్పుడు మూడు నెలలకి ఒకసారి వెళ్లినా సరిపోతుంది. ఇది ఇంట్లో వల్లకాదు.

కూర్చునే ముందు అడగాల్సినవి అడుగు. ఏ కంపెనీ, ఏ నంబరు, డెవలపర్ ఎంత శాతం, నీ ఎదుటే కలుపుతారా, కుదుళ్లకి మాత్రమే పెడతారా? రెండురోజుల ముందు ప్యాచ్ టెస్ట్ చేస్తారా అని ఫోన్‌లోనే కనుక్కో. 'మా దగ్గర ఎవరికీ ఏమీ కాలేదమ్మా' అంటే అది జవాబు కాదు, ఇంకోచోట చూసుకో.

నీకు నేను చెప్పేది ఏంటంటే, మొదటిసారి సెలూన్‌లో వేయించుకో. ఆ నంబర్లు, పాళ్లు, ఉంచిన నిమిషాలు ఫోన్‌లో రాసుకో. తర్వాత రెండు మూడుసార్లు అదే లెక్కతో కుదుళ్లకి ఇంట్లో వేసుకుని, ఒకసారి మళ్లీ సెలూన్‌కి వెళ్లి కొసలు కత్తిరించి రంగు సమం చేయించుకో.

కిటికీ వెలుగులో పాపిట తీసి, చెంపలవి, తల వెనకవి మూడు ఫొటోలు పంపు, ఏ నంబరు అడగాలో చెబుతాను. పోయినసారి ఏ పొడి వాడావో, దాని పొట్లం ఫొటో కూడా తియ్యి.

నీ పిన్ని