ముద్ద విడిపోతోందని పాలు పోయకండి

మూడేళ్ల, ఐదేళ్ల పిల్లలు బడి నుంచి ఆకలితో వస్తారు, బిస్కెట్ ప్యాకెట్ మాన్పించాలని ఓవెన్ లేకుండా ఓట్స్, ఖర్జూరంతో ముద్దలు చేశాను, అవి చేతిలోనే విడిపోయాయి, పాలు చిలకరిస్తే మర్నాటికి పులిసిన వాసన వచ్చింది, ఏం చేయాలి అని మీరు అడిగారు. హన్మకొండ ఎండల్లో, మే నెలలో, నేనూ అచ్చంగా ఇదే పని చేశాను. మూడో రోజు డబ్బా మూత తీస్తే ముద్దల మీద తెల్లని నూగు. డబ్బా మొత్తం చెత్తబుట్టలో పోశాను.

తడి తగిలిన ముద్ద మన ఎండకు ఆగదు. అలాగని ముద్ద కట్టడానికి వీడియోల్లో చెప్పే కొబ్బరి నూనె చిట్కా కూడా ఇక్కడ పనికిరాదు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఫ్రిజ్‌లో రాయిలా ఉన్న ముద్ద, పిల్లవాడు బడిలో డబ్బా తెరిచే వేళకు నూనెలో ఈదుతూ ఉంటుంది.

నాకు దారి చూపింది మా అత్తమ్మ. "బతుకమ్మకు సత్తు చేస్తాం కదా, దానికి నెయ్యి పట్టించి ముద్ద కట్టు, అంతే" అన్నారు. నిజమే. సత్తు అంటే వేయించి దంచిన తీపి పొడే కదా. సద్దుల బతుకమ్మనాడు నువ్వులు, పల్లీలు, మొక్కజొన్న సత్తు, రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద ముద్దలు ఏ ఓవెన్‌లో చేస్తున్నాం? పొడి సత్తు నోట్లో పోసుకుని నవ్వితే ఎలా పొలమారుతుందో మీకూ తెలుసు కాబట్టి చిన్నపిల్లలకు పొడిగా మాత్రం పెట్టకండి.

ఓవెన్ అక్కర్లేదు కానీ పొయ్యి కావాలి. నేను 150 గ్రాముల పల్లీలు, 75 గ్రాముల నువ్వులు, అంతే పుట్నాలు తీసుకుంటాను. పల్లీలను సన్నని మంట మీద ఓపికగా వేయించి, పొట్టు నలిపి చాటలో చెరుగుతాను. ముడుచుకున్నవి, నల్లమచ్చలున్నవి ముందే ఏరేయండి. ఒక్క చేదు గింజ చాలు, మీ కష్టమంతా వృథా. నువ్వులను విడిగా వేయించండి, అవి చిటపటమనగానే దించాలి. పుట్నాలు ఎలాగూ వేగినవే, కాస్త వెచ్చబడితే చాలు. రాగిపిండి కలపాలనిపిస్తే రెండు చెంచాలు, అదీ కమ్మని వాసన వచ్చేదాకా వేయించాకే. పచ్చిపిండి కలిపితే పిల్లలకు అరగదు.

ఇప్పుడు అసలు సంగతి. అన్నీ పూర్తిగా చల్లారాలి. వేడిమీద మిక్సీలో వేస్తే ఆవిరి పట్టి గోడలకు అంటుకుంటుంది. చల్లారాక ఆపి ఆపి తిప్పండి. ఆగకుండా తిప్పితే పల్లీల నూనె మొత్తం బయటికొచ్చి పచ్చడి అవుతుంది. పొడి అయ్యాక 200 గ్రాముల మెత్తని ఖర్జూరం, చిటికెడు ఉప్పు వేసి మళ్లీ తిప్పండి. గింజ లేనిదని ప్యాకెట్ మీద రాసి ఉన్నా ప్రతి పండునూ విప్పి చూడండి, నాకు రెండుసార్లు గింజ దొరికింది. అన్నట్టు, వెల్లుల్లి కారం నూరిన జారులో మాత్రం చేయకండి. నేను రెండుసార్లు కడిగాననుకున్న జారులో చేస్తే మా చిన్నది ఒక్క ముక్క కొరికి, "ఇది పచ్చడి లడ్డు" అని నా చేతిలో ఉమ్మేసింది.

పొడిని గుప్పిట్లో పట్టి పిసకండి. గుప్పిట విప్పినప్పుడు నాలుగు వేళ్ల అచ్చులు చెక్కుచెదరకుండా ఉంటే అయిపోయినట్టే. రాలిపోతే ముందు ఇంకో రెండు ఖర్జూరాలు, అప్పటికీ నిలవకపోతే గోరువెచ్చని నెయ్యి ఒక చెంచా. ఈ కొలతకు పాతిక దాకా వస్తాయి. పొడి స్టీలు డబ్బాలో వారం ఉంటాయి, తడి చేయి పెట్టనంతవరకు.

మీ చిన్నవాడికి మూడేళ్లే కాబట్టి గుండ్రంగా చుట్టవద్దు. గోలీలాంటి ముద్ద గొంతుకు అడ్డం పడుతుంది. అరచేతిలో నొక్కి బిళ్లలా చేసి, కూర్చోబెట్టి తినిపించండి. ఐదేళ్లలోపు పిల్లలకు పల్లీని గింజగా ఇవ్వకూడదు కాబట్టి పలుకు తగలకుండా నూరండి. పల్లీలు, నువ్వులు ఇంతవరకు తినని పిల్లలైతే మొదటిరోజు గోరంత పెట్టి చూడండి. పెదవులు వాచినా, దద్దుర్లు లేచినా ఆపి డాక్టరుకు చూపించండి, ఊపిరి ఆడకపోతే ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో ఏడాది నిండని పాప ఉంటే తేనె కలిపిన ముద్ద నాకించడం అసలు వద్దు.

ఖర్జూరమైనా బెల్లమైనా తీపి తీపే, పళ్లకు అంటుకుంటుంది. రోజుకు ఒకటి, మహా అయితే రెండు, వెంటనే ఒక గ్లాసు నీళ్లు. రాత్రి పడుకునే ముందు నేను ఇవ్వను, ఎంత ఏడ్చినా సరే.

మా పెద్దవాడికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. బిళ్ల మీద ఫోర్కుతో గీతలు పెడితేగాని ముట్టడు. బిస్కెట్‌లా కనిపించాలట.